ఇంతకీ దేనికి నాన్నా

అమ్మడూ,

నాన్న ఆశీస్సులు. నువ్వు చల్లగా ఉన్నావనీ, నీ ఓడ ఇంజిన్లు మరీ వేడెక్కకుండా ఉన్నాయనీ తలుస్తాను. ఇక్కడ మీ అమ్మా నేనూ క్షేమం. ఈ మాట రాసి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. పొద్దుటి నుంచి ఇది నాలుగో కాగితం. మొదటి మూడూ ‘క్షేమం’ దగ్గరే ఆగిపోయాయి. ఈసారి ఆ మాట దాటి ముందుకు వెళ్తున్నాను.

నువ్వు రేవులో దిగిన రోజు రాసిన ఉత్తరం పదకొండు రోజులకు అందింది. అడిగినవాటికి వరుసగా జవాబు చెబుతాను. వంటింటి కిటికీలోంచి నీళ్లు కారడం ఆగింది. కింది చెక్క కుళ్లిపోయింది, కొత్తది వేయించాను. వడ్రంగి మేస్త్రి ఇంట్లో కిటికీకి చెక్క ‘వేయించడం’ ఏమిటని నువ్వు నవ్వుతావు. దానికీ వస్తాను. రెండోది, మీ అమ్మ ఫోనులో నువ్వేం అడిగినా ‘మీ నాన్నని అడుగు’ అని ఎందుకు పెట్టేస్తోంది, మీరిద్దరూ పోట్లాడుకున్నారా అన్నావు. పోట్లాడుకోలేదు. మీ అమ్మకు అబద్ధం ఆడటం చేతకాదు, అంతే. మూడోది లాప్‌టాప్.

పోయిన ఉత్తరంలో నేను దుకాణంలో చూసిన రెండు లాప్‌టాప్‌ల గురించి నాలుగు పేజీలు రాశాను కదా. రెండిటి ధరా ఒకటే. ఒకదాంట్లో ప్రాసెసర్ మంచి వేగం, మెమరీ తక్కువ. రెండోదాంట్లో మెమరీ రెట్టింపు, ప్రాసెసర్ మందకొడి. నువ్వు ఒక్క పేరాలో తేల్చేశావు. ‘ఒకే పని గబగబా తెమలాలంటే ప్రాసెసర్ చూసుకో. నాలుగు పనులు ఒకేసారి ముందు పరుచుకుని కూర్చోవాలంటే మెమరీ చూసుకో. తక్కువ మెమరీ ఉన్నదాంట్లో తర్వాత కలుపుకునే వీలుందేమో అడుగు. సినిమాలకూ ఉత్తరాలకూ అయితే దేన్ని కొన్నా ఒకటే, ఇంత హైరానా అనవసరం. ఇంతకీ దేనికి నాన్నా?’

ఈ చివరి ప్రశ్న నన్ను పది రోజులు కూర్చోనివ్వలేదు.

కొనకముందే ఆ దుకాణానికి ఐదుసార్లు వెళ్లాను. అక్కడ కళ్లజోడు గొలుసుకు వేలాడేసుకున్న ఒకావిడ ఉంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడే “దేనికండీ?” అంది. “ఇంట్లోకి” అన్నాను. “ఇంట్లో దేనికి?” అంది. “అదే, ఇంట్లోకే” అన్నాను. కుర్చీలు కొనడానికి వచ్చినవాడిలా ఉన్నానని ఆవిడకు అనిపించి ఉంటుంది. రెండోసారి సినిమాలన్నాను, మూడోసారి ఉత్తరాలన్నాను. ప్రతిసారీ వేగంగా ఉన్నదాని దగ్గరే నిలబడేవాణ్ణి. వర్క్‌షాపులో నన్ను ఏమని పిలుస్తారో నీకు తెలుసు. ‘మెరుపు మేస్త్రి’ మందకొడి యంత్రం కొన్నాడంటే నలుగురూ నవ్వరా? ఒక చేత్తో దాని మీద ఏదో నొక్కి, తెరుచుకోవడం చూసి సంతోషపడి, కొనకుండా ఇంటికి వచ్చేసేవాణ్ణి. దారిలో బస్సు ఎక్కి, కుదురుగా కూర్చోలేక రెండు స్టాపుల తర్వాత దిగిపోయి నడిచేవాణ్ణి. ఇంటికొచ్చాక మీ అమ్మ “కొన్నావా?” అనేది. “ఇంకా ఆలోచించాలి” అనేవాణ్ణి. “చెప్పాల్సింది చెప్పకుండా ఎంత ఆలోచిస్తే మాత్రం ఏం తేలుతుంది” అని తన పని చూసుకునేది.

మొన్న మంగళవారం ఐదోసారి వెళ్లాను. ఈసారి జేబులో పెన్‌డ్రైవ్ ఉంది. అందులో ఒక ఆసుపత్రి మందుల గది డ్రాయింగ్. నలభై రెండు బీరువాలు, వాటి అరలు, సొరుగులు, ఏ పలక నుంచి ఏ ముక్క కోయాలో చెప్పే పట్టిక, గది ఫొటోలు. వేగంగా ఉన్నదాంట్లో ఒక్క బీరువా తెరిస్తే రెప్పపాటులో తెరుచుకుంది. తర్వాత గది మొత్తం తెరిచి, కోత పట్టికా ఫొటోలూ పక్కన పెట్టేసరికి తెర బిగుసుకుపోయింది. నేనూ దానితోపాటే బిగుసుకుని కూర్చున్నాను. రెండోది నింపాదిగా తెరిచింది. ఆవిడ కళ్లజోడు తుడుచుకునేంత సేపు పట్టింది. కానీ అన్నీ తెరిచాక ఏదీ ఆగలేదు. ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి వెళ్లి వచ్చాను, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

నీ మాట గుర్తొచ్చి, “ఈ వేగందాంట్లో మెమరీ తర్వాత కలుపుకోవచ్చా?” అని అడిగాను.

“దీంట్లో కుదరదండీ. బోర్డుకే అతికించేసి ఉంటుంది. లేనిది తర్వాత తెచ్చి పెట్టలేం.”

ఎందుకో తెలియదు, అప్పటిదాకా జేబులో పెట్టుకుని ఉన్న ఎడమ చేతిని తీసి బల్ల మీద పెట్టాను.

అమ్మడూ, కూర్చుని చదువు. కంగారుపడకు, గాయం మానిపోయింది. నా ఎడమ చేతికి చూపుడు వేలూ మధ్య వేలూ లేవు. రెండున్నర నెలలైంది. రంపం బల్ల దగ్గర పోయాయి. నేను చెప్పేదాకా నీకు చెప్పవద్దని మీ అమ్మ దగ్గర మాట తీసుకున్నాను. సముద్రం మధ్యలో ఉన్నదానివి, విని ఏం చేస్తావు, ఇంజిన్ దగ్గర నీ చెయ్యి వణికితే ఎలా అని. అందుకే కిటికీ చెక్క వేరొకరి చేత వేయించాను. అందుకే లాప్‌టాప్ కూడా. చెక్క పట్టుకుని రంపానికి ఎదురు తోయడం ఇక నా వల్ల కాదు. వర్క్‌షాపులో డ్రాయింగులు గీసే అమ్మాయి కానుపుకు సెలవు పెడుతోంది. “నీకు కలప తెలుసు, కొలత తెలుసు, మిగతాది నేర్చుకో. ఆమె వెళ్లేలోగా చేసి చూపిస్తే ఆ కుర్చీ నీది” అన్నాడు ఓనరు. నెలన్నరగా ఆ అమ్మాయి పక్కన కూర్చుని నేర్చుకుంటున్నాను. ఇంట్లో సాధన చెయ్యడానికి ఒకటి కావాలి.

నీతో దాచినది ఇదొక్కటే అయితే ఈ ఉత్తరం మొదటి కాగితంలోనే అయిపోయేది.

దుకాణంలో ఆవిడ నా చెయ్యి చూసింది. అయ్యో అనలేదు. “ఎలా జరిగిందండీ?” అంది. అందరికీ చెప్పే జవాబు నా దగ్గర సిద్ధంగా ఉంది, నోటికి అలవాటైపోయింది. మెషిన్ మీద గార్డు, ఆ రంపం చక్రానికి వేసే తొడుగు, సరిగా బిగించలేదు, ఊడిపోయింది. ఆ మాట మొదలుపెట్టాను. “మెషిన్ మీద గార్డు...” అన్నాను. తర్వాత నా నోట్లోంచి వచ్చింది వేరే మాట. “నేనే తీశాను. తొందరలో.”

ఆవిడకు ఏం తెలుసు? తల ఊపి, “తొందర ఎవరికి లేదండీ” అంది. నేను లాప్‌టాప్ కొనకుండానే బయటికి వచ్చేశాను.

జరిగింది ఇది. ఆ రోజు సన్న పట్టీలు కోస్తున్నాను. గార్డు అడ్డంగా ఉంది. పదకొండు పట్టీలు మిగిలాయి. రెండు బోల్టులూ విప్పి చొక్కా జేబులో వేసుకుని, గార్డు బల్ల కింద పెట్టాను. పదకొండే కదా, మళ్లీ బిగించేద్దాంలే అనుకున్నాను. చిన్నప్పుడు నువ్వు వర్క్‌షాపుకు వస్తే ‘చక్రం మీద గార్డు లేని మెషిన్ దగ్గరికి వెళ్లావంటే కాళ్లు విరగ్గొడతాను’ అని బెదిరించినవాణ్ణి నేనే.

ఆసుపత్రిలో ఓనరు వచ్చి అడిగాడు. ముందురోజు సాయంత్రమే ఆ మెషిన్‌ని విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించింది మీ రిపేరు బాబాయి. “బోల్టులు లేవట కదా మేస్త్రీ” అన్నాడు ఓనరు. మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు అని నీకు రాయవచ్చు. కానీ దిగింది. “గార్డు ఊడి పడిందండీ” అన్నాను. అంతే అన్నాను. మిగతాది వాళ్లే అనుకున్నారు, సర్వీసు చేసి బోల్టులు పెట్టడం ఆయన మరిచిపోయాడని. బాబాయిని మెషిన్ల దగ్గరి నుంచి తీసేసి యార్డులో కలప దించే పనికి పంపారు. ఇంటికొచ్చాక చొక్కా జేబులోంచి బోల్టులు తీసి నా చిత్రికలు పెట్టుకునే పెట్టెలో అడుగున దాచాను. ఈ ముక్క మీ అమ్మకు కూడా మంగళవారం దాకా తెలియదు.

నీ చేతికి మొదటి పానా ఇచ్చింది ఆయన. పాడైన మోటారు నీ ముందు పడేసి ‘విప్పుకో, మళ్లీ బిగించేదాకా ఇంటికి వెళ్లడానికి లేదు’ అన్నది ఆయన. నువ్వు ఈరోజు ఇంజిన్ గదిలో ఉన్నావంటే సగం ఆయన పుణ్యమే. అది తెలిసీ నోరు మూసుకుని ఉన్నాను.

దుకాణం నుంచి ఇంటికి వచ్చి, బోల్టులు తీసి, మీ అమ్మకు చెప్పాను. తను నా చొక్కా గుండీలు సరిచేసి, “చీకటి పడక ముందే వెళ్లు” అంది. నాకు మళ్లీ ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకూడదని తలుపు దాకా వచ్చింది.

బాబాయి వరండాలో కాగితం పరుచుకుని, పక్కింటివాళ్ల కుట్టు మిషన్‌కి నూనె వేస్తున్నాడు. ఆయన ముందు బోల్టులు పెట్టాను.

“ఏంటివి?”

“గార్డువి. నేనే విప్పాను. జేబులో వేసుకున్నాను.”

ఒకటి తీసి చూశాడు. గుడ్డతో తుడిచి మళ్లీ చూశాడు.

“నేను బిగించానా?”

“బిగించావు. విప్పడానికి పానా వాడాల్సి వచ్చింది.”

బోల్టు కాగితం మీద పెట్టాడు. తర్వాత కుట్టు మిషన్ వైపు చూస్తూ అన్నాడు. “నాకు మతిమరుపు మొదలైందనుకున్నాను. బిగించినట్టే గుర్తుంది. కానీ బోల్టులు లేవంటున్నారు. ఇంట్లో గ్యాసు ఆపానో లేదో ముప్పైసార్లు చూసుకుంటున్నాను. డాక్టరు దగ్గరికి వెళ్లాను. లెక్కలు చేయించాడు, బొమ్మలు చూపించి పేర్లు చెప్పమన్నాడు. అన్నీ సరిగ్గానే చెప్పాను. అయినా నాకు నమ్మకం కలగలేదు.”

తిడతాడని వెళ్లాను. పడటానికి సిద్ధపడి వెళ్లాను. దీనికి సిద్ధపడలేదు. ఆయన పని పోగొట్టాననే అనుకున్నాను గానీ, ఆయన బుర్ర మీద ఆయనకే నమ్మకం లేకుండా చేశానని నాకు తట్టలేదు. క్షమించమని అడిగాను. “ఇప్పుడు వెళ్లు” అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

బుధవారం పొద్దున్నే ఓనరుకు చెప్పాను. “ఇదే మాట అందరి ముందూ చెప్పగలవా మేస్త్రీ?” అన్నాడు. టీ వేళకు అందరూ చేరినప్పుడు ఒక పలకల దొంతర పక్కన నిలబడి చెప్పాను. చెప్పడం అయిపోయాక ఎవరి గ్లాసు వాళ్లు కడుక్కుని వెళ్లిపోయారు. బాబాయిని ఆ పూటే మెషిన్ల దగ్గరికి పిలిచారు. నా సంగతి అడిగితే ఓనరు, “ఆ మందుల గది పూర్తి చెయ్యి. కుర్చీ సంగతి తర్వాత చూద్దాం” అన్నాడు. చూద్దాం అంటే అవునో కాదో నాకు తెలియదు. ఇవ్వకపోయినా ఆయన్ని తప్పు పట్టను.

గురువారం దుకాణానికి వెళ్లి మెమరీ ఎక్కువ ఉన్నది కొన్నాను. ఆవిడ ఈసారి “దేనికండీ?” అని అడగలేదు. నేనే చెప్పాను. ఆసుపత్రి బీరువాలు గీయడానికి, నలభై రెండూ ఒకేసారి తెరిచి ఉంచుకోవడానికి అని. “అయితే సరైనదే తీసుకున్నారు. తెరుచుకునేటప్పుడు విసుక్కోకండి” అంది. విసుగ్గానే ఉంది. అది తెరుచుకునేలోగా నేను రెండుసార్లు లేచి తిరిగి వస్తున్నాను. కానీ మధ్యలో వదిలేసి పారిపోవడం లేదది.

శుక్రవారం నా మొదటి డ్రాయింగులు కింద కోతకు వెళ్లాయి. నిన్న, శనివారం, పని వదిలే వేళకు మా డ్రాయింగు గది మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. బాబాయి. బుధవారం నుంచి నాకు ఎదురుపడితే పక్కకు తిరిగి వెళ్తున్నాడు. ఇప్పుడు నా కాగితం చేతిలో పట్టుకుని వచ్చాడు.

“పదిహేడో బీరువా, మూడో అర. ఆరు మిల్లీమీటర్లు తక్కువ వేశావు. తలుపు పట్టదు.”

చూశాను. నిజమే. సరిచేస్తానన్నాను. కాగితం అక్కడ పెట్టి వెళ్తాడనుకున్నాను. వెళ్లలేదు. నా కుర్చీ వెనక నిలబడ్డాడు. మూడు వేళ్ల చేత్తో ఒకటీ, అయిదు వేళ్ల చేత్తో ఒకటీ నేను మీటలు నొక్కుతుంటే చూస్తూ ఉన్నాడు. కొలత మార్చి, కొత్త కాగితం తీసి ఇచ్చాను. దాన్ని వెలుతురు వైపు తిప్పి, మొదటి నుంచి చివరి దాకా ప్రతి అంకె మీదా గోరు పెట్టి చదివాడు.

“ఊ” అన్నాడు. దిగిపోయాడు.

అమ్మడూ, రేవు చేరాక మొదట నాకు ఫోను చెయ్యకు. ఆయనకు చెయ్యి. నా తరఫున ఏమీ అడగకు, నా మాటే ఎత్తకు. నీ ఇంజిన్‌లో ఏదైనా తిప్పలు పెడుతుంటే ఆ సంగతి చెప్పి, ఏం చెయ్యాలో ఆయన్నే అడుగు.

ఇట్లు,
ఇక నీ దగ్గర ఏమీ దాచుకోని
నీ నాన్న