బఠాణీ పొట్టు మీద ప్రసంగం

ఘాజియాబాద్,
జనవరి 15

ఇంకా కృపలోనే నిలిచి ఉన్నావని నమ్ముతూ, తమ్ముడి కూతురు చిరంజీవి వీణకు పెదనాన్న ధర్మయ్య దీవెనలు.

కొత్త సంవత్సరంలో నలభై దినాలు ఫోను ముట్టనని సంఘం ముందు తీర్మానం చేసుకున్నాను. అందుకే ఈ ఉత్తరం. నిన్న ద్వారకలో మంచాన పడ్డ సహోదరుడి కోసం ప్రార్థన చేసి, పక్కనే కదా అని మీ ఇంటికి వచ్చాను. నువ్వు ఆఫీసుకు వెళ్లావు. అక్కడ చూసింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

బుధవారం, మిట్టమధ్యాహ్నం, నీ భర్త సుధీర్ మేడమీద చాప పరుచుకుని ఎండలో కూర్చున్నాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒళ్లో ల్యాప్‌టాప్ లేదు, పళ్లెం ఉంది. బఠాణీలు ఒలిచి, గింజలు పక్కన పెట్టి, తొక్కల లోపలి పొర లాగుతున్నాడు. ఆవుకు పెట్టడానికా అని అడిగాను. "కాదు మామయ్యగారూ, రాత్రికి కూర" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. మంచినీళ్ల కోసం కిందికి దిగితే ఫ్రిజ్జు బార్లా తెరిచి ఉంది. లోపల నీ కూతురు అక్షర స్కూలు పుస్తకాలు. ఇదేమిటమ్మా అంటే, "ఫ్రిజ్ తో బంద్ హై నానాజీ, మార్చ్ తక్" అంది పసిది. మార్చి దాకా ఆపేశారట.

దూరదేశంలో ఆస్తి తగలేసి, చివరికి పందుల పొట్టుకు ఆశపడ్డ ఆ చిన్నకొడుకు సంగతి నేను ముప్పై ఏళ్లుగా బోధిస్తున్నాను. ఆ పొట్టు కళ్లారా చూడటం మాత్రం ఇదే మొదలు. ఉద్యోగం పోయిందా? జూదమా? షేర్లా? దాచకుండా రాయి.

మోకాళ్ల మీద ఉన్న
పెదనాన్న

తా.క.: ముందురోజు చేసిన తొక్కల కూర కొంచెం పెట్టాడు. రుచిగా ఉంది. నాకు ఎక్కువ భయం వేసింది అందుకే.

ద్వారక,
జనవరి 19

మోకాళ్లు నొప్పిపుట్టక ముందే లేవమని వేడుకుంటూ, పెదనాన్నకు వీణ వందనాలు.

ఆయన ఉద్యోగం భేషుగ్గా ఉంది. బుధవారం ఇంటి నుంచే పని, మీరు వచ్చింది భోజనం వేళ. మేం కావాలనే ఇలా బతుకుతున్నాం. ఈ చలిలో కిటికీ దగ్గర పెట్టిన పాలు మర్నాటికీ విరగవు, ఇక ఫ్రిజ్జుకు కరెంటు దేనికి? బఠాణీలు చవగ్గా దొరికినన్నాళ్లు బఠాణీలు, ఎర్ర క్యారెట్లు వస్తే అవి, ఆవాకు వస్తే అది. వారపు సంత సర్దుకునే వేళకు వెళితే సగం ధరకే ఇస్తారు. హీటరు బదులు ఎండ. ఆదివారం ముగ్గురం మేడమీద నారింజలు ఒలుచుకుంటూ కూర్చుంటే, పెళ్లయ్యాక ఇంత తీరిగ్గా ఎప్పుడూ మాట్లాడుకోలేదనిపిస్తుంది. ఏ కాలానికి దేవుడిచ్చింది ఆ కాలంలో తిని తృప్తిపడమని క్రిస్మస్‌కు బోధించింది మీరే కదా. కారణం మార్చి దాటాక చెబుతాను.

మీ
వీణ

తా.క.: ఇప్పుడే ఎందుకు చెప్పనంటే, మీకు సోమవారం చెప్పింది ఆదివారానికల్లా ప్రసంగమైపోతుంది.

ఘాజియాబాద్,
జనవరి 26

నా ప్రసంగాన్నే నాకు అడ్డుపెట్టి భర్త తప్పు కప్పుతున్న వీణకు, నివ్వెరపోయిన పెదనాన్న.

తృప్తిపడమని చెప్పాను, ఒప్పుకుంటాను. కానీ తల్లీ, ప్రసంగం విని ఫ్రిజ్జు ఆర్పేసినవాళ్లు ఎక్కడైనా ఉన్నారా? కారణం చెప్పనన్నావు చూడు, దాంతో నాకు అంతా అర్థమైంది. అది జూదమే.

నిన్న కూడికలో ప్రార్థన మనవి పెట్టాను. నీ పేరు ఎత్తలేదు. ద్వారకలో ఉన్న నా తమ్ముడి కూతురు అని మాత్రమే అన్నాను. సహోదరీలు కొంగులు తడుపుకున్నారు. బియ్యం నాలుగు మూటలు, కందిపప్పు, రెండు హీటర్లు పోగయ్యాయి. ఏలీయాకు కాకులు రొట్టె మోసినట్టు మన యువకులు ఆటోలో మోసుకొస్తారు. కాదనవద్దు.

నీ కోసం ఉపవాసం పొడిగించిన
పెదనాన్న

తా.క.: మీ ఆఫీసులో నీ పై అధికారి సదాశివరావుగారు మన సంఘస్థుడే కావడం దేవుని ఏర్పాటు. కళ్లు తుడుచుకుని, "వీణ ఉద్యోగం కదలకుండా నేను చూసుకుంటానండీ" అన్నాడు.

ద్వారక,
జనవరి 30

మీ తా.క. చదివి కుర్చీ వెతుక్కున్న వీణ రాస్తున్నది, పెదనాన్నా.

ఇక దాచి లాభం లేదు. ప్రభుత్వ కాలేజీ లెక్చరర్ పరీక్ష రాయడానికి నాకు ఈ ఒక్క ఏడాదే మిగిలింది. తర్వాత వయసు దాటిపోతుంది. ఉద్యోగం మానితే ఇల్లు నడుస్తుందా లేదా తేల్చుకోవాలని డిసెంబరు నుంచి ఆయన జీతంతోనే బతుకుతున్నాం. నా జీతం ముట్టుకోలేదు. ఈలోగా మా ఆఫీసు, తమంతట తాము మానేసేవాళ్లకు ఎనిమిది నెలల జీతం ఇస్తామంది. అందరికన్నా ముందు నా పేరే ఇచ్చాను. నిన్న చూస్తే జాబితాలో నా పేరు కొట్టేసి ఉంది. సదాశివరావుగారిని అడిగితే నా తల నిమిరి, "ధైర్యంగా ఉండమ్మా. ఎవరు తరిమినా నిన్ను నేను పోనివ్వను" అన్నారు. జూదం లేదు సార్ అంటే, భార్యలంతా ఇలాగే అంటారని కళ్లు తుడుచుకున్నారు.

జాబితా ఐదో తేదీన పైకి వెళ్లిపోతుంది. ఈ ఉత్తరాలన్నీ పట్టుకుని సదాశివరావుగారి దగ్గరికి వెళ్లండి. నా మాట ఆయన నమ్మడం లేదు.

మీ మీదే ఆశపెట్టుకున్న
వీణ

తా.క.: ఇంట్లో నాలుగు మూటల బియ్యం కూర్చుంటే మా నెల ఖర్చు ఎలా తేలుతుంది? అన్నీ తిప్పి పంపుతున్నాను. కాకులకు ఆటో ఛార్జీ మీరే ఇవ్వాలి.

ఘాజియాబాద్,
ఫిబ్రవరి 5

సుధీర్‌ను మనసారా క్షమాపణ అడుగుతూ, వీణకు సిగ్గుపడిన పెదనాన్న.

మొన్న వెళ్లాను. నీ రెండు ఉత్తరాలూ సదాశివరావుగారికి పైకి చదివి వినిపించాను. వెంటనే జాబితా తీసి నీ పేరు మళ్లీ రాశాడు. పని అయిపోయిందని లేవబోయాను. కూర్చోమన్నాడు. మొదటి ఉత్తరం ఇంకోసారి చదవమన్నాడు. ఎండ, నారింజల దగ్గర ఆపమని, "ధర్మయ్యగారూ, నా పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారో మా ఆవిణ్ణి అడిగితే గానీ నాకు తెలియదు" అన్నాడు. తర్వాత కలం తీసి నీ పేరు కింద తన పేరు కూడా రాసేసుకున్నాడు.

మీరిద్దరూ ఈ నెలాఖరుకు ఉద్యోగాల నుంచి బయటికి వస్తున్నారు. నీ ఏడాది నీకు దక్కింది. బాగా చదువుకో.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. మన కూడిక హాలుకు ప్రతి నెలా అద్దె కట్టేది సదాశివరావుగారే. ఇకమీదట కట్టలేనని సవినయంగా చెప్పాడు. ఉద్యోగం మానేశాక నువ్వు ఖాళీయే కదా, సంఘం లెక్కలు నీకు అప్పగిద్దామని నలుగురూ అంటుంటే మీ పెద్దమ్మ రాజేశ్వరమ్మ లేచింది. "ఆ పిల్ల జోలికి వెళ్లారంటే ఊరుకోను" అని లెక్కల పుస్తకం తనే లాక్కుంది.

నీ పరీక్ష కోసం ఈసారి తలుపేసుకుని ప్రార్థిస్తున్న
పెదనాన్న

తా.క.: మీ పెద్దమ్మ ఒక్క పూటలో అద్దె నాలుగో వంతుకు దించింది. హాలు ఇక గంటల లెక్కన తీసుకుంటారట. గంటన్నర ఉండే నా ప్రసంగం వచ్చే ఆదివారం నుంచి ఇరవై నిమిషాలు. సంఘమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. ఇంత గట్టి ఆమెన్ నేనెప్పుడూ వినలేదు.