శాలువా కప్పుకున్న మామిడి బీరు

కిరీటీ,

ట్రైన్‌కి టైమైపోతోంది, ఇంటర్వ్యూకి వెళ్తున్నా. లేవగానే బేస్‌మెంట్‌లోకి దిగి నా మామిడి బీరు బకెట్ చూడు. కింద చల్లగా ఉంది, పులవదేమోనని మీ నాన్నగారు దోసెల పిండికి చుట్టినట్టు దానికి తన శాలువా చుట్టేశారు. ఇది ఎండాకాలం తాగే తేలిక బీరు, పులిసేటప్పుడు వేడెక్కితే రుచి చెడిపోతుంది. శాలువా తీసేసి తడి టవల్ కప్పు. మూత మాత్రం తియ్యకు.

నిన్నట్నుంచి నాకు కాలు ఒకచోట నిలవట్లేదు. ఊరికే కిందికి దిగి, మూతకున్న గొట్టంలో బుడగలొస్తున్నాయా లేదా అని చూసొస్తున్నా. ఉద్యోగం పోయాక నేను మొదలుపెట్టిన వాటిలో సరిగ్గా సాగుతున్నది ఇదొక్కటే. నువ్వేమో, "నాన్నకి తెలిస్తే నా పరువు పోతుంది, పారబొయ్యి" అన్నావు. నీకోసమే ఆయనకి అది మామిడి వెనిగర్ అని అబద్ధం చెప్పా. పాపం, నమ్మేశారు.

టవల్ ఆరిపోతే మళ్ళీ తడుపు.

అమృత

ఇప్పుడే బూట్లు వేసుకుంటుంటే మీ నాన్నగారు లేచొచ్చి, "బీరుకి ఆ శాలువా సరిపోతుందా అమ్మాయ్, దుప్పటి కూడా కప్పమంటావా?" అని అడిగారు. మొదటి గ్లాసు ఆయనకే. నీకు వెనిగర్.