ఇరవై ఏడో జత

ఏప్రిల్ 4
గడ్డి నానబెట్టడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం. పన్నెండు పుట్టగొడుగుల సంచులు నింపాను. రెండు బకెట్ల బట్టలు. అత్తయ్య మందులు. ఇస్త్రీ మిగిలిపోయింది.

ఇరవై ఏడో జత కోతకొచ్చింది. ఒక్క సంచి, తొలి కోత, తొమ్మిది వందల గ్రాములు. కాటా తప్పేమో అని ఉప్పు ప్యాకెట్ పెట్టి చూశాను. కాటా సరిగ్గానే ఉంది.

బాగా కాసే బూడిదరంగు రకం వేడికి తట్టుకోదు. వేడికి తట్టుకునే తెల్ల రకం పిసినారిలా కాస్తుంది. ఈ రెండు పుట్టగొడుగులూ రాల్చే పొడిలోంచి ఒక్కో మొలకను వేరుచేసి, గాజు ప్లేట్లలో జతలు కలుపుతున్నాను. నాలుగేళ్లుగా ఇదే పని. ఇరవై ఆరు జతలు పనికిరాలేదు. అత్తయ్య నన్ను పెళ్లిళ్ల పేరమ్మ అంటుంది. ఈరోజు సంచి చూసి, ఈ సంబంధం కుదిరిందమ్మాయ్, ఇక పెళ్లి భోజనాలు పెట్టు అంది.

ఏప్రిల్ 9
హోటల్ వంటాయన వచ్చాడు. ఒక గొడుగు తిప్పి చూసి, వేలితో నొక్కి, అక్కా, ఈ ఎండల్లో కూడా ఇంత గట్టిగా ఉందంటే ఇక రోజూ నాకే ఇవ్వాలి అన్నాడు. సరే అన్నాను. మాట ఇచ్చాక లెక్క వేశాను. నలభై సంచులు కావాలి. వెనక గది చాలదు. అత్తయ్య గది ముందు వరండాలో కూడా తాళ్లు కట్టించాను.

మే 15
నలభై సంచులూ కాశాయి. వరండా నిండా గొడుగులే. ఇది నేను కలిపిన జత. లోకంలో ఇంకెక్కడా లేదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

అత్తయ్యకు దగ్గు. గడ్డి దుమ్ము అయుంటుంది. గడ్డి పని పెరట్లోకి మార్చాను.

మే 18
దగ్గు తగ్గలేదు.

మే 20
డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఇంట్లో ఏం పెంచుతున్నారని అడిగింది. చెప్పాను. పెన్ను కింద పెట్టేసింది. పుట్టగొడుగుల పొడి ఊపిరితిత్తులకు పడట్లేదట. ఇంకోసారి ఊపిరి అందకపోతే ఈ వయసులో కష్టమట. తిరిగొస్తూ అత్తయ్య, డాక్టర్లకు ఏదో ఒకటి మాన్పించకపోతే తిన్నది అరగదు అంది. అనేలోపు ఊపిరి అందక మూడుసార్లు ఆగింది.

ఆయన, కొన్నాళ్లు అమ్మను చెల్లి ఇంటికి పంపుదాం అన్నారు. పాలు పొంగితే మంట తగ్గిస్తారా, ఇల్లు ఖాళీ చేస్తారా అని అడిగింది అత్తయ్య. మంట అంటే నా పంటేనని నాకు అర్థమైంది.

మే 21
నిన్న సాయంత్రం ఇరవై ఏడు కింద ఒక నల్ల కాగితం, పాత తెల్ల రకం కింద ఒకటి పరిచాను. పొద్దున్న చూస్తే పాతదాని కింద పొగ ఊదినట్టు ఉంది. ఇరవై ఏడు కింద పిండి జల్లించినట్టు ఉంది. వేలితో గీస్తే గీత పడింది.

తప్పు దానిది ఒక్కదానిదే కాదు. గొడుగు అంచు లోపలికి ముడుచుకుని ఉండగానే కోయాలి. నేను ఒక రోజు ఆగుతున్నాను. విచ్చుకుంటే బరువు పెరుగుతుంది. కాటా మీద అంకె చూసుకోవడానికే కదా ఇన్ని జతలు కలిపింది. విచ్చుకున్నాకే పొడి రాలుతుంది. ఆ తొమ్మిది వందల్లో పంట ఎంత, నా ఆశ ఎంత?

మే 23
ముడుచుకుని ఉండగానే కోశాను. ఏడు వందలు. అయినా పాతదానికన్నా ఎక్కువే. కాగితం మీద పొడి తగ్గింది. పోలేదు. ముందే కోస్తే పొడి తగ్గుతుందని, అయినా పంట తీసేయాల్సిందేనని అత్తయ్యకు చెప్పాను.

తీసేయాలి. తీసేస్తాను. ఈ కోత అయ్యాక.

మే 25, మధ్యాహ్నం
బజారు నుంచి వచ్చేసరికి అత్తయ్య వరండాలో కింద కూర్చుని ఉంది. ముఖానికి తడి గుడ్డ. పెదాలు నీలం. ఒళ్లో బుట్ట, బుట్ట నిండా ఇంకా విచ్చుకోని చిన్న చిన్న గొడుగులు. నేను ఇరవై ఏడును తీసేయకుండా ఉండాలని, అవి విచ్చుకోకముందే తనే కోసేస్తోంది.

మే 25, సాయంత్రం
ఆసుపత్రి. ఆక్సిజన్ పెట్టారు. మాట్లాడొద్దన్నారు. అత్తయ్య చేత్తో తక్కెడలా పైకీ కిందికీ ఊపి చూపించింది. బుట్ట ఎంత తూగిందని అడుగుతోంది. తూచలేదు. రెండు కిలోలు అని వేళ్లు చూపించాను.

ఈ కోత అయ్యాక అని రాసుకున్న చెయ్యి ఇదే.

మే 26
నలభై సంచులూ, మిగిలిన పాతవీ డ్రమ్ముల్లో వేసి ఉడకబెట్టాను. ఆయన, ఒక్కటైనా పెరట్లో ఉంచుకోకూడదా అన్నారు. వద్దన్నాను. ఇల్లంతా కమ్మటి కూర వాసన. ఆ వాసనకే ఏడుపొచ్చింది. వంటాయన సంచులు పట్టుకుని వచ్చి, ఏం వండుతున్నావక్కా అన్నాడు. చెప్పాను. సంచులు పక్కన పెట్టి, రెండో డ్రమ్ము దించడానికి సాయం పట్టాడు.

గోడలు మూడుసార్లు కడిగాను. ఫ్రిజ్‌లో ఇరవై ఏడు మూలవిత్తనం ఉన్న ట్యూబు ఒకటి ఉంది. బిగించిన మూత లోపల తెల్లటి దారాలు, అంతే. గొడుగు విప్పనిదే పొడి ఉండదు. అది ఉంచాను.

జూన్ 2
అత్తయ్యను ఇంటికి తెచ్చాం. గుమ్మం దాటగానే ఖాళీ వరండా చూసింది. నన్ను తిట్టింది. ముసలిదాని కోసం పంటను చంపుకుంటారటే అంది. మీరు పోతే ఎవరు తిడతారు అన్నాను. ట్యూబు ఉంచావా అని అడిగింది. ఉంచానన్నాను. అయితే ఈసారి బరువొక్కటే చూసి చేసుకోకు, పొడి రాల్చని సంబంధం వెతుకు అంది. వెతికేది ఈ ఇంట్లో మాత్రం కాదన్నాను.

జూన్ 7
మధ్యాహ్నం దగ్గు వినపడలేదు. భయమేసి రెండుసార్లు లేచి వెళ్లి చూశాను. మూడోసారి ఆవిడే కళ్లు మూసుకునే, పోయి పడుకోవే, చచ్చిపోతే నేనే లేపుతాలే అంది. పొద్దుగూకేదాకా లేవలేదు ఇద్దరం.

మే నెల నిద్ర బాకీ చెల్లు.