తల్లినాణెం మీద నా అభిప్రాయం

మితో పట్టణం యనగిమాచి వీధిలో అద్దె ఇంట్లో ఉంటున్న హనావా కిసబురో అనే నేను, కీర్తిశేషులు హనావా తోమెకిచి గారి కుమారుణ్ణి, వయస్సు ఎనభై ఒకటి, పళ్ల డాక్టర్ల కోసం పంటి తొడుగులు పోతపోసే పని చేసి విరమించినవాణ్ణి, ఈ పత్రాన్ని నా సొంత చేతితో రాస్తున్నాను. ఊపిరితిత్తులు చెడిపోయాయి గాని బుద్ధి చెడలేదు. ఎవరూ బలవంతపెట్టలేదు, బలవంతపెట్టగలిగేంత దగ్గరివాళ్లు కూడా ఎవరూ మిగల్లేదు. డాక్టరు చెప్పిన గడువు వచ్చే వసంతం దాకా లేదు కాబట్టి ఇప్పుడే రాయవలసి వచ్చింది.

1. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదైనా బయటపడితే అది చెల్లదు. అందులో నా నాణేలన్నీ పురపాలక ప్రదర్శనశాలకు ఇస్తున్నట్టు రాసుకున్నాను. వాళ్లను అడగకుండా రాశాను. పోయిన ఏడాది వెళ్లి అడిగితే, అక్కడి అమ్మాయి చాలా మర్యాదగా, "ఇలాంటి పెట్టెలు మా దగ్గర ఇప్పటికే నలభై ఉన్నాయండీ, తెరిచి చూసే మనిషే లేరు" అని చెప్పింది.

2. ఈ పత్రాన్ని అమలుపరిచే బాధ్యత మా అక్క కూతురు ఎబిహారా మిచియోది. పోత కొలిమి, మైనం చెక్కే కత్తులు, ఆకురాళ్లు ఆమె తనకు తోచినట్టు చేయవచ్చు. ఇంటివాళ్లకు గది ఖాళీ చేసి ఇచ్చేటప్పుడు గోడ మీది మసి గురించి అడుగుతారు, నాదేనని ఒప్పుకోవాలి.

3. పాతిక రెట్లు పెద్దది చేసి చూపించే ఇత్తడి భూతద్దం, తోలు సంచీతో సహా, మిచియోకే చెందాలి. పదేళ్ల వయసులో ఆమె దానితో తన చేతిమీది పుట్టుమచ్చ చూసుకుని, "మామయ్యా, ఇది బతికే ఉంది" అంది. నాణేలు చూపిస్తే మాత్రం, "అన్నీ ఒకటే కదా" అంది. ఆ రోజు నాకు కోపం వచ్చింది. ఇప్పుడు రావడం లేదు.

4. మితో పాతనాణేల మిత్రమండలి గురించి. సదరు మండలి ఇప్పుడు లేదు. నలభై ఆరేళ్లపాటు ప్రతి నెలా రెండో ఆదివారం స్టేషను దగ్గరి నూడుల్స్ హోటలు మేడ మీద కలిసేవాళ్లం. ఒకప్పుడు పదకొండుమందిమి. ఈ రోజు బతికున్నది నేనూ, సోయాపాలతో టోఫు చేసి అమ్మే నెమోతో గారూ. హోటలును పార్కింగు స్థలం చేశారు.

బయటివాళ్లకు అర్థం కావడం కష్టం. మేమందరం ఒకే నాణెం పోగుచేసేవాళ్లం: మధ్యలో చదరపు రంధ్రం, చుట్టూ నాలుగు అక్షరాలు, రెండు వందల ఏళ్లకు పైగా దేశమంతా పోతపోసిన మామూలు కంచు కాసు. ఒక అక్షరం కాలు కొంచెం వంకరగా ఉంటే ఒక రకం, తిన్నగా ఉంటే ఇంకో రకం. ఆ కాలు మీద మేం మధ్యాహ్నమంతా పోట్లాడుకునేవాళ్లం. మా పెద్ద, బడిలో హెడ్మాస్టరుగా చేసిన సుకెగావా మాస్టారు, నాణేలు తోమి తెచ్చేవాళ్లను చూస్తే మండిపడేవారు. "కడిగిన నాణెం నాకు చూపించకండి. అంత తోమాలనిపిస్తే ఇంటికెళ్లి మీ పళ్లు తోముకోండి" అనేవారు. నెమోతో గారు నాణెం అంచు నాలుకతో తాకి చూసి, "ఇది సముద్రపు ఒడ్డు సెందాయ్‌ది, ఉప్పగా ఉంది" అనేవారు. అది నిజమో వేళాకోళమో ముప్ఫై ఏళ్లలో ఎవరూ తేల్చలేకపోయారు. "అన్నా, నువ్వు నాకిన తరవాత ఏ ఊరిదైనా టోఫు వాసనే వస్తుంది" అనేవాడు ఓనిజావా.

ఓనిజావా తొకుజి సెలూన్ నడిపేవాడు. నాకంటే రెండేళ్లు చిన్న. ఈ పత్రం రాయడానికి కారణం అతనే.

5. ఈ అంశంలో నేను ప్రమాణపూర్వకంగా ఒక నేరాన్ని ఒప్పుకుంటున్నాను. ఏ కోర్టూ దీన్ని నేరమనదు.

పాత టంకశాలల్లో ముందు ఒక నాణేన్ని శ్రద్ధగా చెక్కి, సానబట్టి, ఇసుకలో అద్ది, ఆ అచ్చులో వేల కాసులు పోసేవాళ్లు. అలా అద్దడానికి వాడిన నాణేన్ని తల్లినాణెం అంటాం. అది బజారులోకి వచ్చేది కాదు. మా ఊరి టంకశాల తల్లినాణెం కోసం నేను ఇరవై రెండేళ్లు వెతికాను. దొరక్క, "మితో తల్లినాణేలన్నీ కరిగించేశారు, ఒక్కటీ మిగిలే అవకాశం లేదు" అని పదహారు పేజీల వ్యాసం రాశాను. దేశంలోని పెద్ద క్యాటలాగు నా మాటను అలాగే ఎత్తి వేసుకుంది. నేను రాసినదాంట్లో అచ్చుకెక్కింది అదొక్కటే.

ముప్ఫై ఏళ్ల కిందట, నవంబరు రెండో ఆదివారం, మేడ మెట్ల మీద ఓనిజావా నా చేయి పట్టుకుని ఆపాడు. "కిసబురో అన్నా, ఈవేళ నీ నోరు మూయించేస్తాను, చూడు" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. మంచానపడ్డ ఒక ముసలాయనకు అతను నాలుగేళ్లు ఇంటికెళ్లి గడ్డం గీశాడట. ఆయన పోయాక కూతురు ఒక రేకు డబ్బా ఇచ్చిందట. అందులో దొరికినదాన్ని తెల్లటి తువ్వాలు ముక్కలో చుట్టి తెచ్చాడు.

మా పద్ధతి ప్రకారం నాణెం పళ్లెంలో పెట్టి అందరి ముందుకూ తిప్పేవాళ్లం, ఒక్కొక్కరు అభిప్రాయం చెప్పాలి. పోతపని తెలిసినవాణ్ణని నాది చివరి మాట. నా దగ్గరికి వచ్చింది. రంధ్రం లోపలి గోడలు ఆకురాయితో నున్నగా తీర్చి ఉన్నాయి. అక్షరాల కాళ్లు కత్తిలా ఉన్నాయి. చుట్టుకొలత, పోశాక చల్లారి కుదించుకుపోయే మామూలు కాసుకంటే, ఒక వెంట్రుక ఎక్కువ. అద్దం పెట్టకముందే నాకు తెలిసిపోయింది. అయినా అద్దం పెట్టాను, ఏదైనా లోపం కనిపిస్తుందేమోనని. కనిపించలేదు.

నా పదహారు పేజీలు గుర్తొచ్చాయి. అంతకంటే ఎక్కువగా, ఇరవై రెండేళ్లు తిరిగిన నాకు కాక, గడ్డం గీసినందుకు ఇతనికి దొరికిందే అనిపించింది. అప్పుడు నేనన్న మాట ఇది: "జాగ్రత్తగా పట్టుకోండి. నిన్న నా కొలిమిలో పుట్టినట్టుంది, ఇంకా వేడి తగ్గలేదు."

అందరూ నవ్వారు. నెమోతో గారు, "గీసి గీసి నున్నగా చేశావు గదయ్యా, కాస్త పౌడరు కూడా అద్దాల్సింది" అన్నారు. ఇంకా నవ్వారు. మాస్టారు మాత్రం నవ్వలేదు. పళ్లెం మళ్లీ తన ముందుకు లాక్కుని చాలాసేపు చూసి, "నిశ్చయంగానేనా, హనావా?" అని అడిగారు. దిద్దుకోవడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేను, "పోత పోసేవాణ్ణి నేనండీ, మీరు పాఠాలు చెప్పేవారు" అన్నాను. ఆయన దాన్ని కింద పెట్టి, మండలి రిజిస్టరులో ఆ నాణేనికి ఎదురుగా 'నకిలీ' అని రాశారు.

ఓనిజావా వాదించలేదు. నావైపు చూసి, "నీ మాటేనా?" అన్నాడు. "నా మాటే" అన్నాను. తువ్వాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాతోపాటు నూడుల్స్ తిన్నాడు. తన మీద తనే రెండు జోకులు కూడా వేసుకున్నాడు. తిరిగి వెళ్తూ నకా నది వంతెన మీద ఆగి, నాణేన్ని నీళ్లలోకి విసిరేశాడు. పక్కనున్న నెమోతో గారు, "అదేంటయ్యా, నకిలీ అయినా దాచుకోవచ్చుగా" అంటే, "చేపల దగ్గర క్యాటలాగు ఉండదులే" అన్నాడట.

ఆ తరవాతి నెల అతను రాలేదు. మరెప్పుడూ రాలేదు. పుస్తకాలన్నీ పాత కాగితాలవాడికి వేసేశాడని విన్నాను. నేను వేరే సెలూన్‌కి మారాను.

6. పై విషయమై నేను చేసిన ప్రయత్నాలు, అమలుకర్తకు తెలిసి ఉండడం కోసం:

వంతెన కింద, నీళ్లు తగ్గిన వేసవుల్లో, ఏడేళ్లు వెతికాను. చేపలు పట్టేవాళ్లు వేసుకునే పొడవాటి బూట్లు వేసుకుని, లోహం తగిలితే కూతపెట్టే యంత్రంతో. సీసా మూతలు, ఒక సైకిలు గంట, ఎవరివో కట్టుడుపళ్లు, పదకొండు మామూలు కాసులు దొరికాయి. కట్టుడుపళ్లు నా పనితనం కాదు. సదరు బూట్లు, యంత్రం మిచియో పారేయవచ్చు.

మాస్టారికి చెప్పాలని ఆస్పత్రికి వెళ్లాను. ఆయనకు అప్పటికే మనుషులు గుర్తులేరు. నన్ను తన పాత విద్యార్థి అనుకుని, "మార్కులు తరవాత చెప్తాను, వెళ్లి ఆడుకో" అన్నారు.

రిజిస్టరులో ఆ పేజీ తీసి, 'నకిలీ' కొట్టేసి, 'నిజమైనది' అని రాసి నా ముద్ర వేశాను. రిజిస్టరును గ్రంథాలయం తీసుకోలేదు, అది పుస్తకం కిందికి రాదట. క్యాటలాగు వాళ్లకు నాలుగుసార్లు ఉత్తరం రాశాను. ఒకసారి జవాబు వచ్చింది. "మీ నిజాయితీని గౌరవిస్తున్నాం. అయితే వస్తువు చేతిలో లేకుండా అభిప్రాయాన్ని మార్చడం మా నియమాలకు విరుద్ధం." నేను చెప్పిన అబద్ధానికి వస్తువు చూపించమని వాళ్లు అడగలేదు. పోయిన నెల వచ్చిన కొత్త ముద్రణలోనూ మితో తల్లినాణెం లేదనే ఉంది, కింద నా పేరుతో.

7. ఓనిజావా పదకొండేళ్ల కిందట పోయాడు. దహనశాలలో జరిగిన అంత్యక్రియల్లో వరసలో నిలబడి అగరుబత్తి వెలిగించి వచ్చేశాను. అతని భార్య ఫుమియె గారికి ఏమీ చెప్పలేదు.

ఈ జూన్‌లో, డాక్టరు మాట విన్న మర్నాడు, ఆమె దగ్గరికి వెళ్లాను. మూసేసిన సెలూన్ వెనక గదిలో ఉంటున్నారు. టీ ఇచ్చారు. నేను అంతా చెప్పాను, నోట్లో నోట్లో గొణక్కుండా, ఇక్కడ రాసినట్టే. ఆమె విని, "ఆయనకి తెలుసండీ" అన్నారు.

ఎలా తెలుసని అడిగాను.

"ఆ రోజు ఇంటికి రాగానే చెప్పారు. దాన్ని చూసి కిసబురో అన్న ఊపిరి బిగబట్టాడే, నకిలీని చూసి ఎవరైనా ఊపిరి బిగబడతారా, అన్నారు."

తెలిసి ఎందుకు పారేశాడని అడిగాను.

"నేనూ అదే అడిగాను. అది నా దగ్గరుంటే అన్నకి మన గుమ్మం తొక్కడానికి ముఖం చెల్లదే, లేదనుకుంటే వస్తాడు, అన్నారు. రెండో ఆదివారం వస్తే చాలు, మీకోసం ఒక కప్పు తీసి పెట్టించేవారు. మీరు మేడ మీదికి వెళ్లే ముందు ఇటు వస్తారని. ఎన్నేళ్లని పెడతాం చెప్పండి. ఒకరోజు నేనే లోపల పెట్టేశాను."

ఈ జూన్ దాకా, ఆ ముప్ఫై ఏళ్లలో నేను ఆ వీధిలోంచి ఒక్కసారి కూడా నడవలేదు.

నా నాణేలన్నీ ఆమెకు ఇస్తానన్నాను. "వద్దండీ. మా ఇంట్లో వాటి పేరెత్తడం మానేసి చాలా కాలమైంది" అన్నారు. కప్పు నావైపు జరిపి, "ఇదంతా చెప్పాక మీకు తేలికపడిందా?" అని అడిగారు. లేదన్నాను. "అయితే టీ చల్లారిపోతోంది, తాగండి" అన్నారు. తాగి వచ్చేశాను. గుమ్మం దాకా వచ్చి సాగనంపారు గాని, మళ్లీ రమ్మనలేదు. పిలవాలని నేను అనుకోవడం కూడా తప్పే.

కాబట్టి ఫుమియె గారికి ఈ వీలునామా ద్వారా ఏదీ చెందదు. మిచియో ఆమె దగ్గరికి వెళ్లకూడదు, ఉత్తరం రాయకూడదు, నా తరఫున క్షమాపణ అడగకూడదు.

8. నాణేలు మూడువేల రెండు వందల చిల్లర. వాటిని తూకానికి కొనేవాళ్లు ఉన్నారు, ఇచ్చేయవచ్చు. ఇచ్చేముందు ప్రతి కాగితపు సంచీ మీదా నేను రాసిన అభిప్రాయాన్ని చింపెయ్యాలి. చాలా వరకు సరైనవే. ఏవి సరైనవో ఇప్పుడు నేనే చెప్పినా ఎవరూ నమ్మనవసరం లేదు.

9. నెమోతో గారికి ఏమీ రాయడం లేదు. ఏదైనా రాస్తే ఆయన సాక్షి సంతకం చెల్లదట. "నలభై ఆరేళ్ల స్నేహానికి సంతకం పెట్టే పనొకటి దక్కిందన్నమాట" అని సణిగారు. ఐదో అంశం రెండుసార్లు చదివారు. చివరికి, "ఆ పౌడరు మాట నేనన్నదే కదా" అన్నారు. అది తీసేయమంటారా అని అడిగాను. ఉండనిమ్మన్నారు.

10. అంత్యక్రియలు వీలైనంత క్లుప్తంగా. చచ్చినవాడు దాటవలసిన నదికి పడవ కూలిగా శవపేటికలో ఆరు కాసులు పెట్టడం మా ఆచారం. దహనశాలవాళ్లు ఇప్పుడు లోహం ఒప్పుకోరు, ఆరు కాసుల బొమ్మ అచ్చువేసిన కాగితం ఇస్తారు. మిచియో నామీద ప్రేమకొద్దీ నా పెట్టెలోంచి నిజమైనవి ఆరు దొంగచాటుగా పెట్టాలనుకోవచ్చు. పెట్టకూడదు. కాగితమే పెట్టాలి. పడవవాడు దాన్ని చూసి నకిలీ అంటే నేను ఎదురు చెప్పను, ఈ ఒడ్డునే ఉండిపోతాను.

పైన రాసినదంతా మళ్లీ ఒకసారి చదువుకుని, ఒక్క అక్షరం దిద్దకుండా, ఇద్దరు సాక్షుల ఎదుట నా పేరు రాసి ముద్ర వేస్తున్నాను.

రేవా శకం ఆరో సంవత్సరం (2024), నవంబరు పదిహేడు, ఆదివారం
మితో

హనావా కిసబురో (ముద్ర)

సాక్షులు:
నెమోతో కనెమత్సు, టోఫు వ్యాపారం, వయస్సు ఎనభై నాలుగు
తొబిత సునెకో, పక్కింటివారు, వయస్సు అరవై ఆరు