సున్నా మడి

గుంటూరు,
జూలై 9

ఫోనులో నా మాట ఏనాడూ పూర్తి కానివ్వని మా నాన్నకు,

ఇది ఉత్తరం. మధ్యలో "సర్లే అమ్మా, అన్నం తిన్నావా" అని అడ్డుపడటానికి వీల్లేదు. చివరిదాకా చదువు. ఎలాగూ అరుగు మీద కూర్చుని అమ్మకు వినిపించేలా పైకే చదువుతావు కాబట్టి, అమ్మా, నువ్వూ విను.

సున్నా మళ్లలో యూరియా వేసింది ఎవరు?

రోడ్డు పక్క ముక్కలో నువ్వే తాడు పట్టి కొలిచి ఇచ్చిన మళ్లు అవి. కొన్ని మళ్లకు ఊళ్లో అందరూ వేసినంత యూరియా, కొన్నింటికి అందులో సగం, కొన్నింటికి అసలు ఏమీ వేయకూడదు. ఆ ఏమీ వేయనివే సున్నా మళ్లు. రెండేళ్లూ వాటి చెరకు నిమ్మపండులా పాలిపోయి ఉండేది. పోయిన నెల వచ్చి చూస్తే చిలకపచ్చగా నిగనిగలాడుతోంది. అప్పుడే అనుమానం వచ్చింది. నిన్న మట్టి పరీక్ష, ఆకు పరీక్ష రెండూ వచ్చాయి. ఎవరో వేస్తే తప్ప రాని నత్రజని అక్కడ ఉంది. వాన తెచ్చిందని మాత్రం చెప్పకు. వాన తెచ్చేదాన్ని కూడా నేను కొలుస్తున్నాను.

సున్నా మడి ఎందుకో నీకు ఎన్నిసార్లు చెప్పాను నాన్నా! ఏటేటా యూరియా గుమ్మరిస్తే మట్టి పులిసిపోతుంది, వానపాములు కనపడవు. చెరకు నీరు పట్టి ఏపుగా పెరిగి, గాలి వీస్తే పడిపోతుంది. రసంలో తీపి తగ్గి బెల్లం దిమ్మ కట్టదు. ఇప్పుడు వానలు కూడా వస్తే ఒక్కపూటే కుండపోత. వేసినదాంట్లో సగం కొట్టుకుపోయి కొండకర్ల ఆవ చెరువులో కలిసి గుర్రపుడెక్కను మేపుతోంది. ఇవన్నీ నోటితో చెబితే మన ఊళ్లో ఎవరు నమ్ముతారు? ఏమీ వేయని మడి పక్కన ఉంటేనే, వేసిన మడికి ఏమైందో తెలుస్తుంది. మూడేళ్లు వరసగా చూడాలి. ఇది మూడో ఏడు. ఇది పాడైతే నా పీహెచ్‌డీ గంగలో కలిసినట్టే.

వేసింది నువ్వేనని నాకు తెలుసు. నూకరాజు మామ రోడ్డు మీద బండి ఆపి, "ఏటి బావా, నీ సేనుకి పచ్చకామెర్లొచ్చేయేటి" అన్నప్పుడు నీ మొహం ఎలా అయిందో చూశాను. అనకాపల్లి మార్కెట్లో నీ దిమ్మలకు ఉన్న పేరు నాకూ ఇష్టమే. కానీ నా బాధ నీకు ఎప్పుడు అర్థమవుతుంది? నువ్వు చెరకు నరికితే పని. నేను ఎండలో మోకాళ్ల మీద కూర్చుని మట్టి తీస్తే, "మా పిల్ల మట్టిలో ఆడుకుంటంది" అని దారిన పోయేవాళ్లకు చెప్పి నవ్వుతావు. నా పని మన ఇంట్లో ఎవరికీ పనిలా కనపడలేదు. కనపడి ఉంటే ఇలా చేసేవాడివి కాదు.

ఇక ప్రయోగం ఇంకెవరి పొలంలోనైనా పెట్టుకుంటాను. మన గట్టు ఎక్కను.

కోపంగా,
ధనశ్రీ


గుంటూరు,
జూలై 21

ఇంటి దొంగను వెనకేసుకొచ్చిన నాన్నకు,

నువ్వు నా ఉత్తరం సగం చదివేసరికే అమ్మ నీ ఫోను లాక్కుని నాకు చేసింది.

"ఆయన్నేటే అంతంత మాటలంతన్నావు? ఆ యూరియా ఎట్టింది నేను."

"నువ్వా? ఎందుకే అమ్మా?"

"ఎందుకేటి? అందరినీ ఒకే బంతిలో కూకోబెట్టి, ఈ పక్కోడికీ ఆ పక్కోడికీ వడ్డించి, మద్దినోడి ఆకు ఖాళీగా ఒగ్గేత్తారేటి? మనింట అలాగెప్పుడైనా జరిగిందా? సద్ది అట్టుకెళ్లినప్పుడల్లా ఆ మొక్కలు నా మొకమే సూత్తన్నాయి. గుప్పెడు జల్లేను. గుప్పెడే!"

అది ఆకలి కాదే, ప్రయోగం అన్నాను. "పెద్ద పేరెట్టినంత మాత్రాన ఆకలి పోద్దేటి" అంది. ఈ మనిషితో ఎలా వాదించను? తాతయ్య సంవత్సరీకం నాడు చివరి ఆకుకు బూరె అందలేదని, మొదటి ఆకు దగ్గర కూర్చున్న పెద్దమనుషుల్ని కూడా చెయ్యి కలపనివ్వకుండా ఆపిన మనిషి ఆవిడ. సున్నా మళ్లను వేసినవాటి మధ్యలో పెట్టింది నేను. విస్తళ్లు పరిచినట్టు వరసగా పరిచి, అప్పలనర్సమ్మ అనే ఈ అమ్మను అటుగా నడవమన్నాను. నాకే బుద్ధి లేదు.

మరి నీకేమైంది? అమ్మ తర్వాత నువ్వు ఫోను తీసుకుంటే, తెలిసి కూడా ఎందుకు చెప్పలేదని అడిగాను. "సెప్తే మీ అమ్మనంతావు. నన్నంటే నాకలవాటే" అన్నావు. నేను ఫోను పెట్టేశాను. నీ మీద వేసిన నింద వెనక్కి తీసుకుంటున్నాను. కోపం మాత్రం తీసుకోవడం లేదు.

మా గైడ్ మేడమ్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఈ ఏడు లెక్కలోకి రాదు. అమ్మ వేసింది ఈ పంట పీల్చుకుని పోతుంది కాబట్టి, అదే మట్టిలో వచ్చే ఏడు మళ్లీ చేయమన్నారు. అమ్మ గుప్పిళ్లకు నాకు ఏడాది పోయింది. వేరే పొలానికి పోదామంటే అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, అంత ఓపిక నాకు లేదు. మన గట్టే మళ్లీ ఎక్కాలి. అయితే ఒక షరతు. ఇకమీదట అమ్మ పొలానికి సద్ది తేవడానికి వీల్లేదు. నువ్వే ఇంటికెళ్లి తిను.

విసిగిపోయిన
ధనశ్రీ


గుంటూరు,
మరుసటి ఏడు, మే 28

ల్యాబ్‌లో అందరిముందూ నా పరువు తీసిన నాన్నకు,

నీ ఫోటో వచ్చినప్పుడు నేను పరీక్షనాళికలు కడుగుతున్నాను. పక్కనున్న లక్ష్మీకుమారి ఫోను చూసి, "మీ పొలంలో పెళ్లా?" అంది. తీసుకుని చూశాను. మోకాలెత్తు చెరకు. సున్నా మళ్లన్నింటి చుట్టూ వెదురు కర్రలు, కర్రలకు అమ్మ పాత చీరలు. నాకు చిన్నప్పుడు ఉయ్యాల కట్టిన పచ్చ చీర కూడా వాటిలో ఉంది.

ముందు ఒళ్లు మండింది. ఈసారి ఏం వేసిందిరా దేవుడా అనుకున్నాను. తర్వాత ఫోటో కింద నువ్వు పంపిన వాయిస్ మెసేజ్‌లో నీ గొంతు విన్నాను.

"ఈయేళ పక్క మళ్లకి యూరియా ఏత్తన్నాం కదమ్మా. తినేవోళ్లని సూత్తే ఈటి మనసు సివుక్కుమంతాదని కట్టింది మీ అమ్మ. గుప్పెడు కాదు, గింజ కూడా ఎయ్యలేదు. పొద్దున్నించీ నేను గట్టు మీదే ఉన్నాను."

లక్ష్మీకుమారి పడీ పడీ నవ్వింది. మేడమ్ నవ్వలేదు. ఫోటో పెద్దది చేసి చూసి, "అంత మనసున్న ఆవిడ పంట చేతికొచ్చేదాకా వేయకుండా ఉండగలరా?" అని అడిగారు. బయటికి వెళ్లి ఏడ్చాను నాన్నా. పోయిన కార్తీకంలో గాలివానకు నిండా యూరియా తిన్న మళ్లు పడుకుండిపోతే, వాటి బెల్లం దిమ్మ కట్టక నువ్వు డబ్బాలో పోసుకున్నావు. అది చూశాకే నువ్వు మన పెద్ద చేనుకు యూరియా సగం తగ్గించావట. ఆ సంగతి కూడా నువ్వు చెప్పలేదు, నూకరాజు మామ చెప్పాడు. మీరిద్దరూ నా పని చేస్తున్నారు. నాకన్నా కష్టమైన భాగం అమ్మ చేస్తోంది.

అయినా మీతో వేగలేను. చీరలు సాయంత్రానికల్లా విప్పేయమని అమ్మకు చెప్పు. నీడ పడితే చెరకు ఎదగదు, అది మళ్లీ నా లెక్కలకు చుట్టుకుంటుంది. పచ్చ చీర మాత్రం జాగ్రత్తగా మడతపెట్టి దాచమను. రెండో విడత యూరియా వేసే రోజున మళ్లీ కావాలి. కట్టడానికి నేనే వస్తాను.

మీ
ధనశ్రీ