కనిపించని ఇరవై రెండో తారీఖు

అమీర్‌పేట, 2005.

రాజనర్సయ్యగారికి నమస్కరించి రాస్తున్నాను.

మొన్న మీరు నెట్ సెంటర్లో పంజాగుట్ట ఫంక్షన్ హాలు సైటు చూసొచ్చి, “కంప్యూటర్ల గా ఇరవై రెండో తారీఖే లేదు. నేనేం జెయ్యాలె? పెండ్లి ముచ్చట వచ్చే యేడు సూద్దాం” అన్నారట. మీరన్నది నిజమే. ఆ సైటు చూసుకునే పని మా కంపెనీలో నాదే. పాత బ్రౌజర్‌లో తెరిస్తే, భోజనం రకం ఎంచుకునే పెట్టె క్యాలెండర్ మీదికొచ్చి సరిగ్గా ఆ తేదీనే కప్పేస్తోంది. ఊళ్లో ఎక్కువమంది వాడేది ఆ బ్రౌజరే. అందుకే అంత మంచి ముహూర్తం రోజున కూడా హాలు ఖాళీగా మిగిలింది.

ఈ సంగతి మీ అమ్మాయి సుకన్యకు చెప్పాను. తను నిన్న స్వయంగా వెళ్లి, హాలు తన పేరున రాయించుకుంది. ఆ తర్వాతే నేను సైటు సరిచేశాను. ఇప్పుడు ఆ తేదీ ఏ బ్రౌజర్‌లోనైనా కనిపిస్తుంది, ‘బుక్ అయింది’ అని ఎర్రగా. వీలైతే వెళ్లి చూడండి.

మా పెళ్లికి తారీఖు కాక ఇంకేదైనా అడ్డొస్తుంటే, అదేమిటో దయచేసి రాయండి. కనిపిస్తేనే సరిచేయగలను.

ఇట్లు,
మీరు ఇంట్లో “గా ఆంధ్ర పిలగాడు” అనే అబ్బాయి