బాపు జేబులో మల్లె

కొత్తవాడ, వరంగల్
12-7-1983

తమ్ముడు ఓదెలుకు అక్క దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం.

మరమగ్గాల పనికి భీవండి పోతూ నువ్వు మాకు అప్పగించిన తెల్ల ఎలుక మల్లె బతికే ఉంది, భయపడకు. ఈమధ్య అది తిండి మానేసి ఊరికే నీళ్లు తాగుతుంటే, బాపు మగ్గం ఆపి, దాన్ని అంగీ జేబులో పెట్టుకొని పశువుల దవాఖానకు తీసుకుపోయాడు. బర్రెల మధ్య ఎలుకను చూసి అందరూ నవ్వారట.

"నవ్వుతే నవ్వుండ్రి. మా పోరడు దీన్ని పానం లెక్క సాదిండు. జర చూడుండ్రి సారూ" అన్నాడట బాపు.

కిడ్నీలు పాడయ్యాయని, నయం కాదు గానీ జాగ్రత్తగా చూసుకుంటే ఇంకొన్నాళ్లు హాయిగా ఉంటుందని డాక్టరు చెప్పాడు. పల్లీలు, పప్పు బంద్. ఇప్పుడు బాపే కీరకాయ సన్నగా తరిగి తినిపిస్తున్నాడు. మల్లె మళ్లీ ఉషారుగా తిరుగుతోంది. నిన్న అమ్మ "నాకెప్పుడన్న గిట్ల కోసిచ్చినవా?" అని అడిగితే, ఆమె చేతిలోనూ ఒక ముక్క పెట్టాడు. నవ్వలేక చచ్చాం.

నీ దగ్గు తగ్గిందా? అక్కడి వానకు దుప్పటి చాలుతోందా? వేళకు తిను. దసరా దాకా ఆగకుండా, సెలవు అడిగి ఒకసారి వచ్చిపో. నీ పేరు ఎత్తితే మల్లె ఇప్పటికీ చెవులు నిక్కిస్తుంది.

చల్లగా ఉండు.
నీ అక్క సరళ